పాత డెస్క్‌టాప్‌లో ముందుగా ఏ భాగం మార్చాలి?

కావలిలో మీ దుకాణం లెక్కలు చూసుకునే 2012 నాటి డెస్క్‌టాప్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతోందని, ఐ3 ప్రాసెసర్ తీసి ఐ5 వేస్తే సరిపోతుందా, కొత్తది కొనాలా అని అడిగారు. ప్రాసెసర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్‌లలో ఫైళ్లు దాచే డిస్క్, వేయండి. ఈ వరుస తెలియక నేను ఒక ప్రయాణం, కొంత డబ్బు, నెలాఖరు పని పోగొట్టుకున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లకు లెక్కలు రాస్తాను. నా కంప్యూటరూ దాదాపు మీ దానిలాంటిదే. ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. బిల్లుల రోజుల్లో ఒక ఫైలు తెరిస్తే అది వచ్చేలోగా టీ తాగి రావచ్చు. ప్రాసెసర్ పాతబడిందని నాకు నేనే తేల్చుకుని, ఒంగోలులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో కంప్యూటర్ విడిభాగాలు అమ్మే రిచీ స్ట్రీట్‌కు వెళ్లి, వాడిన ఐ5-3470 ఒకటి కొనితెచ్చాను. బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. అమ్మినవారు మోసం చేశారనుకున్నాను. వారి తప్పేమీ లేదు. నా ఐ3 రెండో జనరేషన్‌ది, తెచ్చిన ఐ5 మూడో జనరేషన్‌ది. రెండింటికీ సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు, ఒకటే, 1155. అయినా నా బోర్డులో ఉన్న పాత బయోస్‌కు (ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్‌కు) మూడో జనరేషన్ ప్రాసెసర్ తెలియదు. ఐ3ని మళ్లీ పెట్టి, బయోస్ అప్‌డేట్ చేశాక గానీ ఐ5 పనిచేయలేదు. మీరు ఎప్పుడైనా ఆ పని చేయాల్సి వస్తే యూపీఎస్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే చేయండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు.

ఇంత చేశాక కూడా కంప్యూటర్ తెరుచుకునే సమయం పెద్దగా తగ్గలేదు. అప్పుడు విండోస్‌లో ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్ పది, పదిహేను శాతం దగ్గర ఖాళీగా ఉంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర నిలిచిపోయి ఉంది. మీరూ కంప్యూటర్ ఆన్ కాగానే ఇదే చూడండి. హార్డ్ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, దాని మీద చదివే ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి జరగాలి. ఒక్కో జరుగుడుకు పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదవాలి, ఆలస్యమంతా అక్కడే. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. హెచ్61 బోర్డులో సాటా, అంటే డిస్క్‌ను బోర్డుకు కలిపే దారి, వేగం సెకనుకు 3 గిగాబిట్లే కాబట్టి పెట్టె మీద రాసిన వేగంలో సగమే వస్తుంది. దానికి వెనుకాడకండి, చిన్న ఫైళ్లు చదవడంలో తేడా మీకు మొదటి రోజే తెలుస్తుంది. 240 జీబీది వేసిన రోజు నా కంప్యూటర్ అర నిమిషంలో తెరుచుకుంది. అదే ప్రాసెసర్, అదే ర్యామ్! పాత డిస్క్‌ను తీసేయకుండా ఫైళ్లు దాచడానికి ఉంచుకున్నాను. మీరు ముందుగా లెక్కల ఫైళ్లన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి. విండోస్ ఎక్కించే ముందే బయోస్‌లో సాటా పద్ధతి (డిస్క్‌తో బోర్డు మాట్లాడే తీరు) పాతదైన ఐడీఈ అని ఉంటే కొత్తదైన ఏహెచ్‌సీఐకి మార్చండి. తర్వాత మారిస్తే విండోస్ తెరుచుకోకుండా ఆగిపోవచ్చు.

ఆ తర్వాత ర్యామ్. 4 జీబీ ఇప్పటి బ్రౌజర్‌కే చాలదు, 8 జీబీ చేయండి. మీ బోర్డు నా దానిలాంటిదే అయితే డీడీఆర్3 కావాలి. డీడీఆర్4 గాడి వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. ఒక జాగ్రత్త తప్పకుండా తీసుకోండి. ఆన్‌లైన్‌లో చౌకగా కనిపించే కొన్ని 8 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు ఏఎండీ బోర్డులకే పనిచేస్తాయి, ఆ సంగతి చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో వేస్తే కంప్యూటర్ మొదలే కాదు. నేను ఒకటి తెప్పించి వెనక్కి పంపాను. వీలైతే దుకాణంలోనే పెట్టించి, తెర వెలిగాకే డబ్బు ఇవ్వండి.

ఏదీ కొనకముందే చేయాల్సిన పని ఒకటి ఉంది, క్యాబినెట్ తెరిచి శుభ్రం చేయడం. చీమకుర్తిలో రాతి పొడి ఎంత సన్నదంటే ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద రేకుల మధ్య పేరుకుని గట్టి పొరలా అవుతుంది. వేడి బయటకు పోలేక ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొర తీసి, ప్రాసెసర్ వేడిని రేకులకు చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోతే తుడిచి కొత్తది రాస్తే ఫ్యాన్ మోత కూడా తగ్గింది. మీ ఊళ్లో రాతి పొడి ఉండదు గానీ, మీ దుకాణం సముద్రపు ఒడ్డు తుమ్మలపెంట వైపు ఉంటే ఉప్పు గాలి ఉంటుంది, దానికి లోహపు అంచులు మాసిపోతాయి. ర్యామ్ బంగారు రంగు అంచులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి దులిపి పెట్టండి. తేదీ వెనక్కి పోతోందా? అయితే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, మార్చండి. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు, జీఎస్టీ వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోవు. నేను ఒక ఉదయమంతా ఇంటర్నెట్ చెడిపోయిందనుకుని తిప్పలు పడ్డాను.

గ్రాఫిక్స్ కార్డు మీ పనికి అక్కరలేదు.

ఒక్క విషయంలో మాత్రం మీ కంప్యూటర్ వయసును దాటలేం. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు ఇచ్చే సాధారణ గడువు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో జనరేషన్, ఆ పైబడిన ఇంటెల్ ప్రాసెసర్లకే, అదీ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ సౌకర్యం ఉంటేనే. ఐ5-3470 వేసినా ఈ గీత దాటదు. అందుకే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ దగ్గర ఆగిపోండి, ప్రాసెసర్ డబ్బు దాచుకోండి. నేను ఇప్పుడు ఆ పాత కంప్యూటర్‌లో లెక్కలు మాత్రమే రాస్తున్నాను, బ్యాంకు పనులు వేరే దానిలో చేస్తున్నాను. మీ లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచేదైతే మీరూ అలాగే విడదీయండి. బ్రౌజర్, టైపింగ్ మాత్రమే చాలనుకుంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కించండి, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మీద చక్కగా నడుస్తుంది. ఎప్పటికైనా కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు ఈ ఎస్‌ఎస్‌డీని విప్పి అందులో పెట్టుకోవచ్చు. డీడీఆర్3 ర్యామ్ మాత్రం వెంట రాదు, కాబట్టి దానికి 8 జీబీకి మించి ఖర్చు పెట్టకండి.