పాత చైన్ సాకు వరంగల్‌లో విడిభాగాలు వెతికే తీరు

నర్సంపేట దగ్గరి తోట కోసం మీరు కొన్న పాత చైన్ సా (పెట్రోలుతో నడిచే గొలుసు రంపం) స్టార్ట్ అవుతోంది కానీ యాక్సిలరేటర్ నొక్కగానే ఆగిపోతోందనీ, కంపెనీ స్టిక్కర్ చెరిగిపోవడంతో దుకాణంలో ఏమని అడగాలో తెలియడం లేదనీ రాశారు. పరకాల వైపు మా మామిడి తోటలో ఎండుకొమ్మలు కోయడానికి నేను కూడా ఒక సుబాబుల్ కాంట్రాక్టరు వాడి వదిలేసిన మిషన్‌ను కొని, విప్పి బాగు చేసుకుని వాడుతున్నాను. మన ఊళ్లలో ఈ సామాను మోడల్ పేరు చెబితే దొరకదు; భాగం మీద ఉన్న నంబరో, దాని కొలతో చెబితే చాలావరకు దొరుకుతుంది.

అయితే రూపాయి ఖర్చు పెట్టే ముందు ఇంజన్‌లో ప్రాణం ఉందో లేదో చూసుకోండి. సైలెన్సర్ బోల్టులు విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్‌ను చూడాలి. పిస్టన్ పక్కలు నున్నగా, లేత గీతలతో ఉంటే మంచిదే. నిలువునా లోతైన గాట్లు ఉండి అల్యూమినియం రాసుకుపోయినట్టు కనిపిస్తే, ఆయిల్ సరిపోకనో, గాలి ఎక్కువై పెట్రోలు తగ్గడం వల్లనో ఒకసారి పట్టేసిన ఇంజన్ అది. గాట్లు కార్బ్యురేటర్ వైపు మాత్రమే ఉంటే ఎయిర్ ఫిల్టర్ లేకుండా నడిపి దుమ్ము తినిపించారని అర్థం. పాత టూ స్ట్రోక్ బండ్లు బాగు చేసే మెకానిక్ దగ్గర 14 మిల్లీమీటర్ల మర ఉన్న కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడిని కొలిచే మీటరు) ఉంటే ప్లగ్గు స్థానంలో బిగించి తాడు లాగి చూడవచ్చు. 120 పీఎస్‌ఐ దాటితే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. 90 కంటే తక్కువైతే సిలిండర్, పిస్టన్ మార్చనిదే మిగతా ఖర్చంతా వృథా.

కంప్రెషన్ బాగుందనుకుంటే, మీరు చెప్పిన లక్షణానికి నా అనుమానం ముందుగా పెట్రోలు దారి మీదికే పోతుంది. టాంకు మూత కొంచెం వదులు చేసి నడిపి చూడండి. అప్పుడు ఆగకుండా నడిస్తే టాంకులోకి గాలి వెళ్లే రంధ్రం మూసుకుపోయినట్టే, అది పైసా ఖర్చు లేని మరమ్మతు. తేడా లేకపోతే టాంకులోని ఫిల్టర్‌ను కొక్కెంతో బయటికి లాగి, దానికి తగిలించిన పైపును వంచి చూడాలి. టాంకు గోడలోంచి పైపు బయటికి వచ్చే చోట సన్నని పగుళ్లు ఉంటాయి, అవి వంచితే తప్ప కనబడవు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దాన్ని తట్టుకోలేదు. కార్బ్యురేటర్ లోపల పెట్రోలును అందించే పల్చటి పొర, అంటే డయాఫ్రం, దాని పరిస్థితీ అదే. కొత్తది వేలితో తాకితే మెత్తగా లొంగుతుంది, పాతది ఎండిన అప్పడంలా గట్టిపడి ఉంటుంది. గట్టిపడిన డయాఫ్రం ఐడ్లింగ్‌కు సరిపడా పెట్రోలు ఇస్తుంది కానీ వేగం పెంచితే అందించలేదు, అందుకే యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజన్ ఆగుతుంది. కార్బ్యురేటర్ ఒంటి మీద వాల్బ్రో, జామా వంటి కంపెనీ పేరు, పక్కన ఒక నంబరు చెక్కి ఉంటాయి. ఆ నంబరుకు సరిపోయే డయాఫ్రం, గ్యాస్కెట్ కిట్టు అడగండి. వీటి కోసం చైన్ సా దుకాణమే వెతకనక్కర్లేదు. పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు బాగు చేసేవాళ్ల దగ్గర ఈ రకం కార్బ్యురేటర్ల సామాను ఉంటుంది.

మోడల్ తెలుసుకోవడానికి స్టిక్కర్ మీద ఆధారపడకుండా మూతలు విప్పి లోపలి వైపు చూడండి. స్టిల్ కంపెనీ మిషన్ అయితే ప్లాస్టిక్‌లోనే అచ్చు వేసిన నంబరు ఉంటుంది. అది 1130తో మొదలైతే ఎంఎస్ 170 లేదా 180 కుటుంబం, 1106తో మొదలైతే పెద్ద దుంగలు కోసే 070 కుటుంబం. చైనా నుంచి వచ్చే 52, 58 సీసీ మిషన్లు పైన ఏ పేరు ఉన్నా లోపల దాదాపు ఒకటే, కాబట్టి వాటి సామాను అన్నిటికంటే సులువుగా, చవకగా దొరుకుతుంది. వాటిలో పిస్టన్ వ్యాసం 52 సీసీకి 45 మిల్లీమీటర్లు, 58 సీసీకి 45.2. అంత చిన్న తేడాను కంటితో పట్టలేం కనుక లేత్ పనివారి దగ్గర వెర్నియర్‌తో కొలిపించుకోవడం మేలు.

చైన్ కొనేటప్పుడు బారు (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) పొడవు ఒక్కటే చెబితే సరిపోదు. వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరాన్ని కొలిచి సగం చేస్తే పిచ్ వస్తుంది. బారు గాడిలో నడిచే పంటి మందం గేజ్. ఆ పళ్ల లెక్క మూడోది. ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లాలి. చైనా మిషన్లలో మామూలుగా 0.325 అంగుళాల పిచ్ ఉండి, 20 అంగుళాల బారుకు 76 పళ్లు, 22 అంగుళాల బారుకు 86 పళ్లు ఉంటాయి. ఆ పిచ్‌కు పదును పెట్టే గుండ్రటి ఆకురాయి 4.8 మిల్లీమీటర్లది.

క్రాంకు బేరింగుల మీద నంబరు ఉంటుంది కనుక ఏ బేరింగుల దుకాణంలోనైనా అడగవచ్చు, సీ3 రకమే (లోపల కాస్త ఎక్కువ సందు ఉండేది) కావాలని మాత్రం గట్టిగా చెప్పండి. ఇక్కడ దొరకనివాటికి సికింద్రాబాద్‌లో యంత్రాల సామాను అమ్మే రాణిగంజ్ వెళ్లవలసి వస్తుంది. వెళ్లేటప్పుడు పాత భాగాన్ని వెంట తీసుకుపోండి, ఫోన్‌లోని ఫోటో చూసి ఇచ్చిన సామాను సరిపోతుందని నమ్మలేం.

క్లచ్ విప్పవలసి వస్తే దాని మర ఎడమ చేతి వాటంది, గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పితేనే వదులవుతుంది. ఇంజన్ తిరగకుండా స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టే మెకానిక్‌లను చూశాను, అలా చేస్తే పిస్టన్ పగులుతుంది; ప్లగ్గు రంధ్రంలోంచి స్టార్టర్ తాడు ముక్కను లోపలికి దూర్చితే పని అవుతుంది.

అన్నీ బిగించాక లీటరు పెట్రోలుకు మంచి టూటీ (టూ స్ట్రోక్ ఇంజన్ల) ఆయిల్ 20 మిల్లీలీటర్లు, మామూలు రకం టూటీ ఆయిల్ అయితే 40 కలపండి. కార్బ్యురేటర్ మీద హెచ్ అని ఉన్న స్క్రూను (పూర్తి వేగంలో పెట్రోలు ఎంత వెళ్లాలో సరిచేసేది) మెత్తగా చివరిదాకా బిగించి దాదాపు ఒక చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. ఇంజన్ పూర్తి వేగంలో కొంచెం గరగరమంటూ, కొమ్మలో దించగానే ఆ గరగర పోయి శుభ్రంగా నడిస్తే అక్కడే ఆపండి. ఇంకా వేగం రావాలని ఆ స్క్రూను బిగిస్తే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గి, కొత్త పిస్టన్ అయినా పట్టేస్తుంది.