యూనివర్సిటీల్లో కనిపెట్టే మంటనిరోధక పూతలు నిజంగా పనిచేస్తాయా?

"రొయ్య పెంకులతో చేసిన పూత పూస్తే గుడ్డ కాలదట, అంత మంచిదైతే బజార్లోకి ఎందుకు రావడం లేదు?" అని ఒక వీడియో చూసి అడిగారు. పాలిమర్ ల్యాబులో కొంతకాలం సరిగ్గా ఈ పూతల మీదే పనిచేశాను కాబట్టి చెప్తున్నా. మీరు చూసిన వీడియో అబద్ధమేమీ కాదు. కాకపోతే అందులోది బహుశా ఉతకని గుడ్డ.

మేం వాడినవి కైటోసాన్, ఫైటిక్ ఆమ్లం. మొదటిది రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు. రెండోది గింజల్లో దాగి ఉండే, భాస్వరం నిండిన ఆమ్లం. ఒకదానిది ధనావేశం, రెండోదానిది రుణావేశం కాబట్టి నూలు గుడ్డను ఒకదాని తర్వాత ఒకదాంట్లో ముంచితే పొర మీద పొర అతుక్కుంటుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చింది టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో గ్రన్‌లన్ బృందం. ఇటలీలో టొరినో పాలిటెక్నిక్ వాళ్లయితే 2013లో ఏకంగా చేపల డీఎన్‌ఏనే నూలుకు పూశారు. వింతగా ఉన్నా అర్థం లేకపోలేదు, డీఎన్‌ఏలోనూ భాస్వరం ఉంది.

నూలు వేడెక్కితే విరిగిపోయి ఆవిర్లు వదులుతుంది. మంటగా కనిపించేది ఆ ఆవిర్లు కాలడమే. భాస్వరం వేడికి ఆమ్లంగా మారి సెల్యులోజ్‌లోంచి నీటిని లాగేస్తుంది. ఆవిరై పోవాల్సిన కర్బనం బొగ్గుగా అక్కడే ఉండిపోతుంది.

నిలువు మంట పరీక్షలో గుడ్డ పట్టీని ఫ్రేముకు బిగించి కింది అంచుకు 12 సెకన్లు మంట పెడతారు. మామూలు నూలైతే చూస్తుండగానే పైదాకా ఎగబాకుతుంది. పూత బాగా పట్టినది మంట తియ్యగానే ఆరిపోతుంది. నల్లబడిన చోట లెన్సు పెట్టి చూస్తే పడుగూ పేకా చెక్కుచెదరవు, పోగులు లెక్కపెట్టుకోవచ్చు. వేలితో నొక్కితే మాత్రం పొడి పొడి.

అదే గుడ్డను డిటర్జెంటుతో ఉతికి, ఆరబెట్టి అంటించాం. భగ్గుమంది. పొరలను పట్టి ఉంచేది ఆవేశాల ఆకర్షణ. డిటర్జెంటులోని క్షారం కైటోసాన్ ఆవేశాన్నే పోగొడుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువుంటే మరో తంటా, అది వెళ్లి ఫాస్ఫేటును పట్టుకుని భాస్వరాన్ని పనిచెయ్యనివ్వదు. పొరల్ని రసాయనంతో ముడివేస్తే కొంత నిలుస్తుంది గానీ గుడ్డ అట్టలా బిగుసుకుంటుంది. మా ల్యాబులో ఎవరు ఎంత గొప్ప ఫలితం తెచ్చినా గైడు గారి మొదటి ప్రశ్న ఒకటే: "ఉతికారా?"

పోటీ కూడా తక్కువది కాదు. కార్మికుల రక్షణ దుస్తులకు దశాబ్దాలుగా వాడుతున్న టీహెచ్‌పీసీ అనే భాస్వరం రసాయనంతో చేసే ఫినిష్ నూలు పోగు లోపలే గట్టిపడి ఎన్నో ఉతుకులు తట్టుకుంటుంది. దానితో ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు బెడద ఉంది, అయినా ధరలో, మన్నికలో దాన్ని కొట్టడం కష్టం. మరి ఈ తాపత్రయమంతా దేనికంటే, పాత మంటనిరోధక రసాయనాల చరిత్ర అంత చెడ్డది. పిల్లల రాత్రి దుస్తులకు వాడిన ట్రిస్ అనే రసాయనాన్ని 1977లో అమెరికా నిషేధించింది. ఫోమ్‌లో కలిపే పెంటా అనే బ్రోమిన్ రసాయనాన్ని 2009లో స్టాక్‌హోం ఒప్పందం (ప్రకృతిలో ఏళ్ల తరబడి నిలిచే విష రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో చేర్చారు.

నన్నడిగితే ఈ కొత్త పూతలు ముందు వచ్చేది చొక్కాల్లోకి కాదు, సోఫాల్లోకి, పరుపుల్లోకి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు 2015లో పాలీడోపమైన్ (డోపమైన్‌తో చేసే పాలిమర్) పూతతో ఫోమ్ నుంచి వెలువడే గరిష్ఠ వేడిని 67 శాతం తగ్గించారు. లోపలి ఫోమ్‌ను ఎవరూ ఉతకరు కదా.