అలాస్కా హోటల్లో వేసవి ఉద్యోగం: అమ్మాయిని పంపాలా, వద్దా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. తోటి పిల్లలంతా ఇంటర్న్‌షిప్‌ల వేటలో ఉంటే, ఈమె అలాస్కాలో డెనాలి నేషనల్ పార్క్ దగ్గర ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ ఉద్యోగం తెచ్చుకుంది. పక్కలు సర్దడానికి అంత దూరం దేనికని వాళ్ల నాన్నగారు మండిపడుతున్నారు. నాకేమో ఎలుగుబంట్ల భయం. ఎమ్మెస్ చేయడానికి ఇండియా నుంచి వచ్చిన మా అక్క కొడుకు కూడా తోడు వెళ్తానంటున్నాడు. పంపమంటారా?

జవాబు: అమ్మాయిని పంపండి. అబ్బాయిని వద్దనండి. ఎందుకో చెప్తాను.

ముందు ఆ ఉద్యోగం ఏమిటో చూద్దాం. డెనాలిలో వేసవి ఉద్యోగాలు రెండు రకాలు. పార్కును నడిపేది నేషనల్ పార్క్ సర్వీస్. అది ఫెడరల్ శాఖ. రేంజర్లు, కాలిబాటలు బాగుచేసేవాళ్లు, జంతువుల లెక్కలు తీసేవాళ్లు అందులో ఉంటారు. రెండో రకం, పార్కు గేటుకు మైలు దూరంలో హైవే పొడవునా ఉన్న హోటళ్లు, రెస్టారెంట్లు, టూర్ కంపెనీలవి. అవన్నీ మే నడిమిలో తెరుచుకుని సెప్టెంబరు నడిమిలో మూతపడతాయి. ఆ వీధి దీపాల జిగేలు చూసి స్థానికులు దానికి గ్లిటర్ గల్చ్ అని వెక్కిరింపు పేరు పెట్టారు. మీ అమ్మాయికి వచ్చింది ఈ రెండో రకం. కాబట్టి రేపు రెజ్యూమెలో ‘నేషనల్ పార్కులో పనిచేశాను’ అని రాస్తే, ఆ రంగం తెలిసినవాళ్లు ఒక్క ప్రశ్నతో పట్టేస్తారు. హోటల్లో ఏం చేసిందో అదే రాయాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మరి చదువుకు సంబంధం లేని పనికి ఎందుకు పంపమంటున్నానంటే, సెలవు రోజుల కోసం. 60 లక్షల ఎకరాల పార్కు అది. లోపలికి వెళ్లేది ఒకే ఒక్క రోడ్డు, 92 మైళ్లు. వేసవిలో సొంత కార్లను మొదటి 15 మైళ్ల వరకే రానిస్తారు, ఆపైన బస్సే. 2021 ఆగస్టులో 45వ మైలు దగ్గర కొండచరియ జారడంతో ఆ రోడ్డు సగంలోనే ఆగింది. అక్కడ వంతెన పని పెట్టుకున్నారు. బస్సులు ఎంతవరకు వెళ్తున్నాయో బయల్దేరే ముందు పార్కు వాళ్ల సైట్లో చూసుకోమనండి. ఆ బస్సుల్లో ఒక మంచి అలవాటుంది. ఎవరికి జంతువు కనబడినా ‘స్టాప్’ అని అరుస్తారు, డ్రైవరు ఆపేస్తాడు. బస్సంతా ఒకే కిటికీ వైపు ఒరిగి, కొండ మీద తెల్లటి చుక్కల్లా ఉన్న డాల్ గొర్రెల్ని బైనాక్యులర్స్‌తో వెతుకుతుంటుంది. గైడు ఉండే టూర్ బస్సు కాకుండా ట్రాన్సిట్ బస్సయితే, దిగి నచ్చినచోట నడుచుకుంటూ వెళ్లొచ్చు, మళ్లీ రోడ్డెక్కి ఖాళీ ఉన్న ఇంకో బస్సు ఎక్కొచ్చు. లోపల చాలాభాగం కాలిబాటలే లేవు. నలుగురు కలిసి చెట్లు లేని టండ్రా నేల మీద నడిచేటప్పుడు ఒకరి వెనక ఒకరు కాకుండా విడివిడిగా పరుచుకుని నడవమంటారు. ఒకే చోట అడుగులు పడితే ఆ నాచు, పొదలు నలిగి బాట పడిపోతుంది, మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివే పిల్ల తన సొంత కాళ్ల కింద ఆ సంగతి చూడాలి. క్లాసులో స్లైడు చూపించి చెప్పినా అది అంతగా ఎక్కదు.

నా సలహా ఏమిటంటే, వారానికి ఎన్ని రోజులు సెలవు, అవి వరుసగా వస్తాయా లేదా అన్నది జీతం కన్నా ముందు అడగాలి. విడివిడిగా వస్తే లోపల రాత్రి గడిపి రావడం కుదరదు. లోపల టెంటు వేసుకోవడానికి పార్కు వాళ్లు ఇచ్చే పర్మిట్ ఉచితమే. కాకపోతే అక్కడి ఆఫీసుకు స్వయంగా వెళ్లి తీసుకోవాలి, తిండి దాచుకోవడానికి ఎలుగు తెరవలేని గట్టి డబ్బా పట్టుకెళ్లాలి.

ఇక సంతకానికి ముందు తేల్చుకోవాల్సిన అసలు మెలిక, ఆఖరి తేదీ. హోటల్ సీజన్ సెప్టెంబరు నడిమి దాకా. మీ అమ్మాయి కాలేజీ ఆగస్టు ఆఖర్లోపే తెరుస్తారు. ఇలాంటి చోట్ల కాంట్రాక్టు చివరిదాకా ఉన్నవాళ్లకు బోనస్ ఇవ్వడం మామూలే. మధ్యలో వచ్చేస్తే బోనస్ పోవచ్చు, మళ్లీ ఏడాది తీసుకోకపోవచ్చు. అందుకని ‘ఆగస్టు ఫలానా తేదీకి వెళ్లిపోతాను, అదే నా కాంట్రాక్టు ముగింపు’ అని ఈమెయిల్‌లో రాయించుకోవాలి. ఫోన్లో ‘నో ప్రాబ్లమ్’ అన్న మాట నమ్ముకోవద్దు.

డబ్బు సంగతి. అలాస్కాలో కనీస వేతనం 2025 జులై నుంచి గంటకు 13 డాలర్లు, 2026 జులై నుంచి 14. వారానికి 40 గంటలు చేస్తే 13 లెక్కన 520 డాలర్లు. అందులో డార్మ్ అద్దె, భోజనం కోత, ఫెడరల్ పన్నులు పోతాయి. రాష్ట్ర ఆదాయపు పన్ను మీ టెక్సస్‌లో లేనట్టే అక్కడా లేదు. విమానం టికెట్, బూట్లు, వాన కోటు కలుపుకుంటే పెద్దగా మిగిలేది లేదు. సెమిస్టరు ఫీజు కట్టేద్దామనుకుంటే నిరాశే. ఒక చిన్న లాభం మాత్రం ఉంది. చాలా రాష్ట్రాల్లో టిప్పులు వస్తాయని వడ్డించేవాళ్లకు కనీస వేతనం తగ్గిస్తారు, అలాస్కాలో ఆ తగ్గింపు కుదరదు. కాబట్టి హౌస్‌కీపింగ్ నుంచి రెస్టారెంట్‌కు మార్చమని ఇప్పుడే అడిగి చూడమనండి. అంతకన్నా టూర్ డెస్క్ దొరికితే ఇంకా మేలు. రోజంతా పార్కు బస్సులు, వాతావరణం, రోడ్డు సంగతులే మాట్లాడుతుంది, అది రెజ్యూమెలోనూ పనికొస్తుంది. దొరక్కపోతే పక్కలే సర్దనివ్వండి. వాళ్ల నాన్నగారికి చెప్పండి, పంతొమ్మిది, ఇరవయ్యేళ్ల వయసులో సూపర్‌వైజర్ చేత మాటపడి మర్నాడు మళ్లీ టైముకు వెళ్లడం నేర్చుకున్న పిల్లలకు మొదటి ఉద్యోగం తేలిగ్గా ఉంటుంది.

ఎలుగుబంట్ల భయం న్యాయమే, కానీ దాన్ని రెండో వరసలో పెట్టండి. నియమాలు తెలిసినవే. ఎలుగుకు 300 గజాల దూరం పాటించాలి. పొదల్లో నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుతూనో పాడుతూనో వెళ్లాలి, అది మనల్ని చూసి ఉలిక్కిపడకుండా. ఎదురైతే పరుగెత్తకూడదు. మూస్ అనే పెద్ద దుప్పి మీదికొస్తే మాత్రం పరుగెత్తాలి. ఈ రెండూ తారుమారు కాకూడదు. బేర్ స్ప్రే విమానంలో చెక్-ఇన్ సామానులో కూడా పెట్టనివ్వరు, అక్కడికెళ్లాకే కొనాలి.

నేను భయపడేది నదులకు. హిమానీనదాల నుంచి వచ్చే నీళ్లు కదా, పొద్దున మోకాలి లోతున్న వాగు ఎండకు మంచు కరిగి సాయంత్రానికి నడుము దాకా వస్తుంది. బూడిదరంగు నీళ్లలో అడుగు కనబడదు. పార్కు పక్కనే స్టాంపీడ్ ట్రైల్ మీద పాత బస్సొకటి ఉండేది, 1992లో ఒక యువకుడు అందులోనే చనిపోయాడు. ఆ కథ తెలిసి, బస్సు చూడాలని బయల్దేరి టెక్లనికా నది దాటబోయి 2010లో ఒకరు, 2019లో ఒకరు మునిగి చనిపోయారు. చివరికి 2020లో ఆ బస్సును హెలికాప్టర్‌తో ఎత్తుకెళ్లారు. నది దాటే పని ఉన్న నడకకు మొదటి వేసవిలో వెళ్లొద్దని మాట తీసుకోండి. మౌంట్ హీలీ ఓవర్‌లుక్ లాంటి బాటలు గేటు దగ్గర్నుంచే ఉన్నాయి. దాదాపు 1,700 అడుగుల ఎక్కుడు, తిరుపతి మెట్లెక్కిన పిల్లకు కొత్తేం కాదు.

ఇంకొకటి, ఇది తల్లిదండ్రులు అడగరు, పిల్లలు చెప్పరు. డార్మ్ జీవితం. జూన్‌లో దాదాపు 21 గంటలు సూర్యుడు ఉంటాడు, అర్ధరాత్రి కూడా పుస్తకం చదువుకునేంత వెలుతురు. నిద్ర పట్టదు, తాగుడు ఎక్కువ, రూమ్మేట్ ఎవరొస్తారో తెలీదు. గదికి ఎంతమంది, ఆడపిల్లలకు వేరే బ్లాకు ఉందా, తాళం ఎవరి దగ్గరుంటుంది, మద్యం నియమం ఏమిటి అని హెచ్ఆర్‌ని అడగడం మొహమాటపడే విషయం కాదు. కళ్లకు గంతలు, దోమలకు తలకు తొడుక్కునే వల తప్పక పెట్టండి. పెద్ద ఆసుపత్రి కావాలంటే ఫెయిర్‌బ్యాంక్స్, రెండు గంటల ప్రయాణం. ఆస్తమా లాంటివి ఉంటే మందులు సీజన్‌కు సరిపడా పెట్టి పంపండి. హైవే మీద లిఫ్ట్ అడిగి తిరగడం అక్కడి కుర్రాళ్లకు మామూలు, మీ అమ్మాయిని మాత్రం వద్దనండి.

ఇప్పుడు అబ్బాయి సంగతి. మాస్టర్స్ చేస్తున్నాడంటే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉండి ఉంటాడు. క్యాంపస్ బయట అనుమతి లేకుండా ఒక్క షిఫ్టు పనిచేసినా స్టేటస్ పోతుంది. సీపీటీ అనే పని అనుమతి చదువుతున్న కోర్సులో భాగమైన పనికే ఇస్తారు, హోటల్ గదులు శుభ్రం చేయడానికి ఏ కాలేజీ ఇవ్వదు, ఇవ్వకూడదు. అదే హోటళ్లలో విదేశీ విద్యార్థులు జే-1 సమ్మర్ వర్క్ ట్రావెల్ అనే వేసవి పని వీసా మీద కనబడతారు, వాళ్లను చూసి తనకూ కుదురుతుందనుకుంటాడేమో. ఆ పథకం అమెరికా బయటి కాలేజీల్లో చదివేవాళ్లకు. చెల్లెల్ని చూడ్డానికి టూరిస్టులా వారం రోజులు వెళ్లిరమ్మనండి, సరిపోతుంది.

ఇది ఈ ఏడాదికి. పర్యావరణ రంగంలోనే స్థిరపడాలని ఉంటే వచ్చే వేసవికి మొదటి రకం ఉద్యోగం చూసుకోవాలి, అందుకు ఈ వేసవి మంచి అదను. పార్కులో స్లెడ్జి కుక్కల శాల ఉంది. చలికాలంలో రేంజర్లు ఆ కుక్కల బండ్ల మీదే తిరుగుతారు. వేసవిలో సందర్శకులకు చూపిస్తారు. అక్కడికీ, రేంజర్లు నడిపించే హైక్‌లకూ వెళ్లి, ‘మీరు ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చారు’ అని అడగమనండి. వాళ్లకు చెప్పడం ఇష్టమే. తీరిక రోజుల్లో వాలంటీరుగా తీసుకుంటారేమో కూడా అడగొచ్చు, చేసిన గంటలు రెజ్యూమెకెక్కుతాయి. పార్క్ సర్వీస్ వేసవి ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం కావాలి, మీ అమ్మాయికి అది ఉంది. ప్రకటనలు ఫెడరల్ ఉద్యోగాల సైటు యూఎస్ఏజాబ్స్‌లో శరత్కాలం నుంచే మొదలై చలికాలంలో చాలావరకు ముగుస్తాయి. కొన్ని ప్రకటనలు కొద్ది రోజులే తెరిచి ఉంటాయి, కాబట్టి సెప్టెంబరులోనే అలర్ట్ పెట్టుకోవాలి. వాటితో పాటు స్టూడెంట్ కన్జర్వేషన్ అసోసియేషన్ ఇంటర్న్‌షిప్‌లకూ అప్లై చేయమనండి. ఫెడరల్ ఉద్యోగాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. 2025 మొదట్లో నియామకాలు ఆపేసినప్పుడు అప్పటికే ఇచ్చిన సీజనల్ ఆఫర్లను కూడా వెనక్కి తీసుకుని, కొన్ని వారాల తర్వాత మళ్లీ అనుమతించారు. ఆ మధ్యకాలంలో చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నవాళ్లు టెన్షన్ లేకుండా గడిపారు.