దేశం గురించి ప్రార్థనా, దేశం కొరకు ప్రార్థనా?

సందేహం: ఆగస్టు 15న మా చర్చి ముందు జెండా ఎగరేశాక పాస్టరుగారు “దేశం గురించి ప్రార్థన చేద్దాం” అన్నారు. సంఘపెద్ద ఒకాయన “గురించి కాదు, కొరకు అనాలి” అని అక్కడికక్కడే సరిదిద్దారు. వెనకాల ఫ్లెక్సీ మీదేమో “దేశం కొరకై” అని ఉంది. ఏది సరి? జెండా అనడం కంటే జాతీయ పతాకం అనడం గౌరవమా? భక్తి దేవుడికే గదా, దేశభక్తి అనవచ్చునా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి దగ్గర పల్లె, విజయనగరం జిల్లా

సమాధానం: ముందుగా మీ సంఘపెద్దగారికి నమస్కారం. విభక్తి దగ్గర ఆగి ఆలోచించే మనుషులు అరుదైపోయారు. పైగా ఆయన పక్షాన బలం బాగానే ఉంది.

‘గుఱించి’కి మూలం ‘గుఱి’. గురి పెట్టడం, గురి చూడడం, గురి తప్పడం అంటున్నామే, ఆ గురే. చేసే పని ఎవరి వైపు సాగుతోందో వారే దానికి గురి. ‘గూర్చి’ కూడా పాత తెలుగులో ఈ పనే చేస్తుంది. పురాణం చెప్పేవారు “శివుని గూర్చి తపస్సు చేశాడు” అంటే, శివుడి సంగతులు తలపోస్తూ కూర్చున్నాడని కాదు, ఆ తపస్సంతా శివుడికే ఉద్దేశించాడని. అర్జునుణ్ణి చూడండి. పాశుపతం కొరకు శివుని గూర్చి తపస్సు చేశాడు. అడిగేది ఎవరినో ‘గూర్చి’ చెప్తుంది, ఎందుకో ‘కొరకు’ చెప్తుంది. రెంటినీ తారుమారు చేసి “శివుని కొరకు పాశుపతాన్ని గూర్చి” అన్నారంటే అర్జునుడు అస్త్రానికి దండం పెట్టుకుంటూ అడవిలో ఉండిపోతాడు.

ఆ లెక్కన “దేశం గూర్చి ప్రార్థన” అన్న మాట పాత చెవికి దేశాన్నే దేవతగా నిలబెట్టి మొక్కినట్టు వినిపిస్తుంది. భారతమాతకు హారతి పట్టేవారికి ఆ వాక్యం అతికినట్టు సరిపోతుంది. చర్చిలో మాత్రం ఎవరి ఉద్దేశమూ అది కాదు.

బైబిలును తెలుగు చేసినవారు ఈ తేడా ఎరిగినవారే. తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో “రాజులకొరకును అధికారులందరికొరకును” ప్రార్థనలు చేయమని ఉంది. మత్తయి సువార్తలో “మిమ్మును హింసించు వారికొరకు ప్రార్థన చేయుడి” అని. కీర్తనల్లో యెరూషలేము ప్రస్తావన వచ్చినచోట ‘క్షేమముకొరకు’ అని. అలాగని వాళ్లకు ‘గూర్చి’ తెలియకపోలేదు. ఒకరి సంగతి చెప్పవలసినచోట పుష్కలంగా వాడారు. ఈ అనువాదాల తొలి పనుల్లో ఒకటి మన పక్కనే జరిగిందని చాలామందికి తెలియదు. లండన్ మిషను వారు 1805లో విశాఖపట్నంలో దిగి, ఆనందరాయరు అనే బ్రాహ్మణ పండితుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఇవాళ మీ చేతిలో ఉన్న పాఠం తర్వాతివాళ్లు ఎందరో దిద్దినదనుకోండి.

ఇంతమాత్రాన పాస్టరుగారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మన వైపు “నీ గురించే వొచ్చేను” అంటే నీ కబుర్లు చెప్పడానికి వచ్చానని ఎవరైనా అనుకుంటారా? నీ కోసమే వచ్చానని. ‘గురించి’ ఇక్కడ ఏనాడో ‘కొరకు’ ఉండే చతుర్థీ విభక్తిలోకి కాపురం మార్చేసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం పక్కనే. ఆ పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటూ, జనం నోట ఆడే మాటను తప్పని కొట్టెయ్యడం నావల్ల కాదు. ప్రార్థనలో నోటివెంట వస్తే రానివ్వండి. అచ్చులో మాత్రం ‘కొరకు’ గాని ‘కోసం’ గాని మేలు. ‘గురించి’ తప్పేనా అని నిలదీస్తే, తప్పని నేననను.

నాకు చిరాకు తెప్పించేది ఆ ఫ్లెక్సీ. ‘కొరకు’ చతుర్థి, ‘కై’ కూడా చతుర్థే. ‘కొరకై’ అంటే చొక్కా మీద చొక్కా. పద్యంలో గణం కుదరక కవి వేసుకున్నాడంటే అర్థం చేసుకోవచ్చు. ఫ్లెక్సీకి ఏ గణం తక్కువైందట? సమైక్యత కొరకై, రైతు సంక్షేమం కొరకై, ఆఖరికి “వివరముల కొరకై సంప్రదించండి”!

జెండా హిందుస్తానీ నుంచి వచ్చిన మాట, నిజమే. అచ్చతెలుగే కావాలంటే టెక్కెం ఉంది, సిడం ఉంది. “జాతీయ టెక్కెం” అనండి, ఎవరు సెల్యూట్ కొడతారో చూద్దాం. తిరుపతి వేంకట కవులు శ్రీకృష్ణుడి నోటనే “జెండాపై కపిరాజు” అనిపించారు. ఆ పద్యానికి వన్స్‌మోర్ కొట్టని ఊరు మన వైపు ఉందంటే నమ్మను. సంస్కృతంలో కపిధ్వజుడైన అర్జునుడు మన రంగస్థలం ఎక్కేసరికి జెండా కట్టుకున్నాడు, గౌరవానికేం లోటు రాలేదు. రాజ్యాంగ సభ 1947 జూలై 22న ఆమోదించిన మూడు రంగుల జెండాకూ రాదు. ‘ఆవిష్కరణ’ మాత్రం చూసి వాడండి. జనవరి 26న పైన ముడిచి కట్టినదాన్ని విప్పుతారు, ఆ మాట దానికి తగును. ఆగస్టు 15న కింది నుంచి పైకి ఎగరేస్తారు. పత్రికలవాళ్లకు రెండూ ఒకటే, పుస్తకమూ విగ్రహమూ వాల్ పోస్టరూ కూడా ఒకటే.

ఇక దేశభక్తి. రాజభక్తి, గురుభక్తి, స్వామిభక్తి చెల్లుతున్నప్పుడు దీనికేం అడ్డు? ‘భజ్’ ధాతువుకు పంచుకోవడమనే అర్థం ఉంది. భాగమూ విభక్తీ ఆ ఇంటివే. మన విజయనగరం గురజాడ గేయానికి ‘దేశభక్తి’ అని పేరు పెట్టి, మొదలుపెట్టడం మాత్రం “దేశమును ప్రేమించుమన్నా” అని మొదలుపెట్టాడు. ఎవరికైనా మనసొప్పకపోతే దేశప్రేమ అనుకోనివ్వండి.

వచ్చే ఏడాది ఫ్లెక్సీ మీద “దేశ క్షేమం కొరకు ప్రార్థన” అని వేయించండి. ‘కొఱకు’కు బండి ఱ కావాలని ఇప్పుడెవరూ పట్టుబట్టరు. ప్రింటింగ్ షాపు కుర్రాడి కీబోర్డులో ఆ అక్షరం ఎక్కడుందో అతనికి తెలిస్తే మాత్రం వేయించండి, నాకు సంతోషం.