ఎదుటివాళ్ల చెడు కోరితే అది మనకే ఎందుకు తగులుతుంది?

ఇందులో శాపాలూ మహిమలూ ఏమీ లేవండి. గర్వానికి ఓర్వలేనితనం తోడైతే మనిషి చూపు తన పని మీద నుంచి పక్కవాడి మీదకు జారుతుంది. దెబ్బ తగలడం అక్కడే మొదలు.

భారతంలో ఘోషయాత్ర కథే చూడండి. పాండవులు అడవిలో నారబట్టలు కట్టుకుని ఉన్నారు. తన వైభవం చూసి వాళ్లు కుమిలిపోవాలని దుర్యోధనుడి కోరిక. ఆలమందలు లెక్కచూసి వస్తానని తండ్రికి సాకు చెప్పి, అంతఃపుర స్త్రీలతో సహా ద్వైతవనానికి బయల్దేరాడు. అక్కడి సరస్సు దగ్గర గంధర్వులతో గొడవ పెట్టుకున్నాడు. కర్ణుడు రథం పోగొట్టుకుని తప్పుకున్నాడు. గంధర్వరాజు చిత్రసేనుడు దుర్యోధనుణ్ణి కట్టి పట్టుకుపోయాడు. విడిపించింది ఎవరనుకున్నారు? ధర్మరాజు పంపిన తమ్ముళ్లే! ఓడినందుకంటే వాళ్ల దయతో బయటపడినందుకే అతనికి తల కొట్టేసినట్టయింది. తిండీ నీళ్లూ మాని ప్రాణం వదలాలని ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. అసలు ఆ ప్రయాణమే పెట్టుకోకపోతే అతనికి పోయేదేమీ లేదు, రాజ్యం చేతిలోనే ఉంది కదా.

మామూలు జీవితంలో ఇంత ఆర్భాటం ఉండదు. ఆఫీసులో ఒకడు తోటివాడికి కావలసిన సమాచారం తొక్కిపెడతాడు. అతను తంటాలు పడి ఇంకెక్కడి నుంచో తెచ్చుకుంటాడు. రేపు వీడికి అవసరం పడ్డప్పుడు ఎవరూ నోరు విప్పరు. పైగా గర్విష్ఠికి 'నువ్వు చేసేది తప్పు' అని చెప్పే సాహసం ఎవరూ చెయ్యరు. ఎగదోసే శకునులే చుట్టూ మిగులుతారు.

చెడు తలపెట్టిన ప్రతివాడికీ ఇలా జరిగి తీరుతుందని మాత్రం అనను. దర్జాగా తిరిగేవాళ్లూ బోలెడుమంది.