యూఏ అని ఉంటే సరిపోతుందా? పాటల సినిమాకు పిల్లల్ని తీసుకుపోయే ముందు

"పాటల మీదే నడిచే సినిమా, యూఏ 13+ అని ఉంది, పదేళ్ల పాపను తీసుకుపోవచ్చా?" అని అడిగారు. పోవచ్చు, థియేటర్‌వాళ్లు ఆపరు. యూఏ అంటే పిల్లలకు చూపించాలా వద్దా తల్లిదండ్రులే తేల్చుకోవాలనే సెన్సారు సర్టిఫికెట్. 2023 సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణతో దాన్ని 7+, 13+, 16+ అని విడగొట్టారు గానీ అవి తల్లిదండ్రులకు సూచనలే. 18 నిండనివాళ్లను రానీయొద్దన్న నిషేధం 'ఏ' సినిమాకే.

నన్నడిగితే చూడాల్సింది ఒకటే: ఆ పాట తీసేస్తే కథ తెగుతదా? 1972 నాటి అమెరికన్ సినిమా 'క్యాబరే'లో దాదాపు పాటలన్నీ బెర్లిన్ క్లబ్బు స్టేజీ మీదే. ఒక ఆడమనిషి, ఇద్దరు మగవాళ్ల సంబంధం, గర్భస్రావం, నాజీల రాక... ఈ కథకు ఆ పాటలే వ్యాఖ్యానం. అది పెద్దల కథ, ఆ సంగతి దాచుకోదు. అమెరికాలో దానికి పీజీ (తల్లిదండ్రులు చూసుకుని పిల్లలకు చూపొచ్చన్న రేటింగ్) ఇచ్చారు, ఎందుకంటే 13 ఏళ్లలోపు వాళ్ల విషయంలో గట్టిగా హెచ్చరించే పీజీ-13 వచ్చిందే 1984లో. పాత పీజీ చూసి పిల్లలకు పెట్టకండి.

మన ఐటం పాట అట్లా కాదు. హీరో విలన్ డెన్‌లోకి పోతాడు, కెమెరా నడుము దగ్గరే తిరుగుతది, మొహం కనబడదు. పాట అయిపోగానే కథ ఆగినచోటే మళ్లీ మొదలు. నా అభ్యంతరం శృంగారం మీద కాదు, మనిషికి మొహం లేకుండా చేసే ఆ షాట్ మీద.

మరి సెన్సారు ఎట్లా వదిలింది? సినిమా మొత్తం చూసి తూచాలని 1991 మార్గదర్శకాల్లోనే ఉంది. రెండున్నర గంటల్లో ఆ ఒక్క పాట తేలిపోతది. అదే పాట విడిగా యూట్యూబ్‌కెక్కితే ముందూ వెనకా కథ ఉండదు, సెన్సారు సర్టిఫికెటూ అక్కర్లేదు. నల్లగొండ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్లలో మోగేదీ, స్కూల్ యాన్యువల్ డేకి రెండో తరగతి పిల్లలతో ఆడించేదీ ఆ ముక్కే. ఉయ్యాల పాట పాడాల్సిన బతుకమ్మ దగ్గర కూడా డీజే పెట్టి అదే వేస్తున్నారు. ఇది నాకు అస్సలు మింగుడు పడదు.

డ్యాన్సుకు పాట ఎంచే టీచర్లు పల్లవి విని సరే అనొద్దు. పల్లవి సాఫుగనే ఉంటది, బూతు రెండో చరణంలో దాగుంటది. పాట మొత్తం కాగితం మీద రాసి, రాగం లేకుండా చదవండి, డబుల్ మీనింగ్ వెంటనే దొరుకుతది. తర్వాత సౌండ్ బంద్ చేసి వీడియో చూడండి. పిల్లగాళ్లు మాటలకంటే ముందు స్టెప్పులు పట్టుకుంటారు, అందుకే మాటలు బాగున్నా "వీడియో చూసి నేర్చుకోండి" అనొద్దు, స్టెప్పులు కొత్తగా కట్టించండి. రిహార్సల్ అసలు పాట మీద చేస్తారు, ఆ రోజు డీజే తన దగ్గరున్న రీమిక్స్ వేస్తాడు, మధ్యలో అరుపులు, డైలాగులు దూర్చి ఉంటయి. ఒకే ఫైలున్న పెన్‌డ్రైవ్ మీరే ఇవ్వండి.

మీ పాప విషయానికొస్తే, లిరికల్ వీడియోలు చూసి నిర్ణయించుకోకండి, వాటిలో ఎక్కువగా ఫొటోలూ అక్షరాలే ఉంటయి, అసలు షాట్లు తెలియవు. పూర్తి వీడియో పాటలు రాకపోతే మొదటి వారం మీరు ఒక్కరే చూసిరండి.