మధ్యయుగాల ఊరు చూడాలంటే నోర్డ్‌లింగెన్ వెళ్లండి, రాత్రికి అక్కడే ఉండండి

"యూరప్‌లో మధ్యయుగాల నాటి ఊళ్లు చూడాలని ఉంది, వారమే సెలవు. ప్రాగ్, బ్రూజ్, రోథెన్‌బుర్గ్‌లలో దేనికి వెళ్లాలి?" అని అడిగారు. మీ లిస్టులో లేని పేరు చెప్తాను: నోర్డ్‌లింగెన్. జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో ఉంది. నేనుండేది ఆగ్స్‌బుర్గ్‌లో కాబట్టి పక్క ఊరి మీద ప్రేమ అనుకున్నా ఫర్వాలేదు.

నా దృష్టిలో ఒక పాత ఊరు పాతగానే మిగిలిందంటే, దాని దగ్గర డబ్బు అయిపోయిందని అర్థం. బెల్జియంలోని బ్రూజ్‌కి ఓడలు వచ్చే జ్విన్ అనే సముద్రపు పాయ ఇసుక మేటలతో పూడిపోయింది, వ్యాపారం ఆంట్‌వెర్ప్‌కి తరలిపోయింది. జర్మనీలోనే ఉన్న రోథెన్‌బుర్గ్‌ని ముప్పై ఏళ్ల యుద్ధంలో, 1631లో, కాథలిక్ సేనాని తిల్లీ సైన్యం పట్టుకున్నాక ఆ ఊరు మళ్లీ లేవలేదు. కొత్తగా కట్టే స్తోమత లేక ఉన్నవే ఉంచుకున్నారు. డబ్బున్న ఊళ్లు ఎప్పుడో గోడలు పడగొట్టి రోడ్లు వేసుకున్నాయి. కాబట్టి ఒకప్పుడు బాగా బతికి, తర్వాత చితికిపోయి, ఇప్పటికీ మామూలు జనం కాపురాలు చేసుకుంటున్న ఊరు వెతకండి. ఆ మూడోది దొరకడమే కష్టం.

రోథెన్‌బుర్గ్ బాగుండదని కాదు. కానీ మధ్యాహ్నం వెళ్తే టూరిస్టు బస్సుల జనం మధ్య తోసుకుంటూ నడవాలి. పైగా 1945 మార్చి 31న బాంబులు పడి చాలా భాగం పోతే మళ్లీ కట్టారు. గోడకు విరాళాలిచ్చిన వాళ్ల పేర్లు రాళ్ల మీద చెక్కారు, వాటిలో జపాన్ వాళ్ల పేర్లూ కనిపిస్తాయి. అక్కడ అమ్మే ష్నీబాల్ అనే మిఠాయి ఉంది చూశారూ, గవ్వల పిండిని ఉండ చుట్టి వేయించి, తీపి వేయడం మరిచిపోయినట్టు ఉంటుంది. ఫొటోకే పనికొస్తుంది.

పోయినేడు మా బాపు హనుమకొండ నుంచి వచ్చినప్పుడు నోర్డ్‌లింగెన్ తీసుకెళ్లాను. ఊరి చుట్టూ 2.7 కిలోమీటర్ల గోడ, ఎక్కడా తెగకుండా మొత్తం ఉంది. పైన కప్పు వేసిన దారిలో చుట్టూ తిరిగి రావచ్చు, టికెట్ లేదు. మధ్యయుగాలని మనం ఎక్కడో దూరంగా ఊహించుకుంటాం గానీ, 1215లో ఈ ఊరికి మొదటి గోడ ఉన్న రోజుల్లో ఓరుగల్లును గణపతిదేవుడు ఏలుతున్నాడు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. 1327లో ఇక్కడ చక్రవర్తి లుడ్విగ్ పెద్ద గోడ కట్టమన్నాడు. ఈ లెక్క చెప్తే బాపు వినలేదు. ఆయన చూపంతా గోడను ఆనుకుని ఉన్న ఇళ్ల పెరళ్ల మీదే. "గోడ లోపట గూడ బట్టలు ఆరేస్తున్నరు, మన కోట లెక్కనే" అన్నారు. నిజమే, వరంగల్ కోట లోపల కూడా జనం ఉంటారు కదా.

అసలు సంగతి రాత్రి జరిగింది. ఊరి మధ్యలో సెయింట్ జార్జ్ చర్చి, దాని గోపురాన్ని డానియెల్ అంటారు, 90 మీటర్లు, 350 మెట్లు. రాత్రి పదింటి నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి పైనుంచి కావలివాడు కిందికి కేకేస్తాడు: "సో, గ్సెల్, సో!" గ్సెల్ అంటే మన 'దోస్తు' లాంటి పిలుపు. 1440లో శత్రువుల దగ్గర లంచం తిన్న వాడు కోట తలుపు గడియ వేయకుండా వదిలేస్తే, ఒక పంది ఒళ్లు రుద్దుకుంటూ ఆ తలుపును కదిలించిందనీ, ఒకావిడ అది చూసి ఊరిని కాపాడిందనీ కథ చెప్తారు. కేక ఆవిడదేనట.

పదింటికి కింద నిలబడ్డాం. చలి. పైనుంచి ఆ గొంతు వచ్చింది. బాపు ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసిన మనిషి. తలెత్తి, నేను ఆపేలోపే, "ఓయ్! మేలుకునే ఉన్నవా?" అని గట్టిగా అరిచారు. పక్క బెంచీ మీద ముసలి దంపతులు పగలబడి నవ్వారు. పైనుంచి జవాబేమీ రాలేదు. పదిన్నర కేక కూడా వినిగాని బాపు కదల్లేదు. రూముకు నడుస్తూ, "రాత్రి డ్యూటీకి ఎక్కువిస్తరా ఆయనకు?" అని అడిగారు.

"పది రోజుల్లో ఏడు దేశాలు" ప్యాకేజీల్లో ఇది దొరకదు. వాళ్లు సాయంత్రానికల్లా బస్సెక్కించి హైవే పక్క హోటల్లో పడేస్తారు. గోడలు ఎక్కడైనా ఉంటాయండీ, పైగా పాతగా కనిపించేవన్నీ పాతవి కావు. ఫ్రాన్స్‌లోని కోట ఊరు కార్కసోన్ పైకప్పుల్లో మీరు మురిసిపోయే ఆ కోసు టోపీలు వియొలే లె ద్యూక్ అనే ఆర్కిటెక్ట్ 19వ శతాబ్దంలో పెట్టించినవి.

మీ ప్రశ్నకు సంబంధం లేకపోయినా చెప్తాను: ఈ ఊరున్నది దాదాపు కోటిన్నర ఏళ్ల కిందట ఉల్క పడ్డ గుంటలో. చర్చి రాయి కూడా ఆ దెబ్బకు పుట్టిందే, అందులో కంటికి కనిపించనంత చిన్న వజ్రాలున్నాయి.

ఆగ్స్‌బుర్గ్ వైపు నుంచి వస్తే డోనావోర్త్‌లో రైలు మారాలి. ట్రాలీ సూట్‌కేసు మాత్రం తేకండి, రాళ్ల వీధుల్లో చక్రాలు ఊడతాయి. ఆదివారం షాపులుండవు, పాలూ పెరుగూ శనివారమే కొని పెట్టుకోండి. ఇంకో రోజు మిగిలితే అక్కడి నుంచి బస్సులో డింకెల్స్‌బ్యూల్ వెళ్లండి. అదీ ఇలాంటి పాత ఊరే, రెండో ప్రపంచ యుద్ధం దాన్ని ముట్టుకోలేదు. ప్రాగ్ ఇంకోసారి చూడొచ్చు.